బస్తా అడుగు వాసన

ఫిబ్రవరి 6

పిచికా,

ఎలా ఉన్నావు, మీ ఆయన ఎలా ఉన్నాడు, ఆ కళ్ళద్దాల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాస్తున్నాయా, ఇవన్నీ అడిగాననే అనుకో. జవాబులు నీ ఉత్తరం చివర్లో రాయి. ముందు నా గోడు విను.

నాకు ముక్కు పోయింది.

ఉన్నచోటే ఉంది, కంగారుపడకు. పోయింది వాసన. చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకుని పోయింది. జలుబేలే అనుకుని కొన్నాళ్ళు ఊరుకున్నాను. ఒకరోజు క్యాంటీన్లో ఉల్లిపాయలు మాడిపోతుంటే పక్కనే నిలబడి కబుర్లు చెబుతున్నాను. కూరగాయలు తరిగే ఆవిడ అవతలి గదిలోంచి పరుగెత్తుకొచ్చి మంట తగ్గించి, ఏ లోకంలో ఉన్నావమ్మా అంది. ఏదో ఆలోచనలో పడ్డానని బొంకాను. డాక్టరు ముక్కులోకి టార్చిలైటు వేసి చూసి, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాత్రం ఫీజు తీసుకోకుండా నేనే చెప్పేదాన్ని.

మీ అన్నయ్యకు చెప్పలేదు. చెబితే సాయంత్రం టీ వేళకల్లా వీధంతా వచ్చి నన్ను పరామర్శిస్తుంది. పోనీ ఆయన ముక్కేమైనా అక్కరకొస్తుందా అంటే, దాన్ని పెళ్ళికి ముందే నశ్యం డబ్బాకు రాసిచ్చేశాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా బట్టల కర్మాగారానికి కొత్త మేనేజరు వచ్చాడు. మనిషి మంచివాడే, కానీ క్యాంటీన్ ఖర్చు పెరగకూడదని పైవాళ్ళు ఆయన మెడ మీద కూర్చున్నారు. అందుకని ఇకమీదట కంపెనీ మసాలా పొడుల పొట్లాలు వాడదాం అన్నాడు. పొట్లం చింపి గిన్నెలో దులపడానికి ఇంత జీతమిచ్చి నన్నెందుకు ఉంచుకుంటారు? ఆయన ఆ మాట అనలేదు, రేపైనా అనక తప్పదు. ఆ డబ్బుతోనే విడి దినుసులు కొని అంతకన్నా మంచి కూర పెడతానని చెప్పాను. సరే, మార్చి నెలాఖరున రెండు గిన్నెలు పెడదాం, ఒకటి పొట్లంతో, ఒకటి నీ దినుసులతో, కుట్టుమిషన్ల దగ్గరవాళ్ళే తిని చెబుతారు అన్నాడు. ముక్కులేని వంటమనిషినని తెలిస్తే ఆ రెండో గిన్నె దాకా కూడా రానివ్వరు.

చవకలో మంచి సరుకు ఎలా కొనాలో నీకు చెప్పక్కర్లేదు, నా కొంగు పట్టుకుని పెరిగావు. తలలున్న లవంగానికి ఒక ధర, తల విరిగినదానికి సగం ధర. కూరకు అందచందాలతో పనిలేదు కాబట్టి విరిగినవే కొనాలి. కానీ విరిగినవాటిలో రెండు రకాలున్నాయి. ఈ ఏడు పంటే అయి, ఎత్తడంలో దించడంలో విరిగినవి ఒకటి. ఎప్పటివో అయి, ముసలితనంతో విరిగినవి ఇంకొకటి. కంటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా చెప్పేది ముక్కే.

అందుకే మూడు కొట్ల నుంచి లవంగాలు, మిరియాలు, ధనియాలు తలా చిటికెడు తెచ్చి మూడు పొట్లాలు కట్టాను. ఒక ముడి, రెండు ముళ్ళు, మూడు ముళ్ళు. మూడు నెలల సరుకు ఒకేసారి ఏ కొట్లో కొనాలో నువ్వు చెప్పు. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో, ఫోనులో వాసన పంపలేను కదా. పైగా క్యాంటీన్లో ఫోన్ మాట్లాడితే బియ్యం కడిగేవాళ్ళు కూడా కడగడం ఆపి వింటారు.

నీ ముక్కుకు చదువు చెప్పింది నేను. ఇప్పుడు అది నాకు చదివి చెప్పాలి.

తొందరలో,
వదిన


ఫిబ్రవరి 13

వదినా,

నీ కవరు వచ్చింది. పోస్టు తెచ్చి ఇచ్చిన మనిషి దాన్ని రెండుసార్లు వాసన చూసి, అక్కా, ఆకలేస్తోంది అన్నాడు.

నీ ముక్కు సంగతి చదివాను. నువ్వు సరదాగా రాశావు, నాకు మాత్రం నవ్వు రాలేదు. బజారులో నువ్వు ఒక్క గింజ అరచేతిలో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ అనకుండా పక్క కొట్టుకు నడిచేదానివి. కొట్టువాళ్ళు, అమ్మా, ఏమైంది చెప్పు, అని వెనకాల పిలిచేవాళ్ళు. నీ పక్కన నడుస్తూ నేను కూడా ముక్కు ఎగరేసేదాన్ని. అమ్మానాన్నలు లేని పిల్లనని ఎవరైనా జాలిపడితే నాకు ఆశ్చర్యంగా ఉండేది, నాకేం తక్కువ అని.

సెలవురోజు పొద్దున్నే, సబ్బు వాడకుండా చేతులు కడుక్కుని, కిటికీలు మూసి కూర్చున్నాను. మా దుకాణంలో కళ్ళు చూసినట్టే చూశాను. ముందు ఇది, ఇప్పుడు ఇది, ఏది బాగుంది? మళ్ళీ ఇది, మళ్ళీ ఇది. కళ్ళు మూసుకున్నాక అందించమని మా ఆయనకు చెప్పాను. ఎవరి కళ్ళు మూసుకోవాలో తెలియక ఆయన ఆయనవే మూసుకున్నాడు. సగం మిరియాలు మంచం కిందకు పోయాయి.

మూడు ముళ్ళది వట్టి చెత్త, చెక్కపొట్టు వాసన. ఒక ముడిది చూస్తే భయమేసింది వదినా. ముక్కులో గుచ్చింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. లవంగానికి అంత ఘాటు ఎక్కడినుంచి వస్తుంది? ఏదో నూనె పట్టించారని నా అనుమానం.

రెండు ముళ్ళది విప్పాను. మన వంటిల్లు. మెత్తగా, కాస్త దుమ్ముగా, వెచ్చగా, ఎక్కడో అడుగున తీపి. నేల మీద పాత పేపరు పరిచి ధనియాల్లో రాళ్ళు ఏరేవాళ్ళం, గుర్తుందా? నాకు చదవడం వచ్చింది ఆ పేపర్ల మీదే. గింజలు పక్కకు జరిపితే తర్వాతి అక్షరం కనపడేది. నువ్వు, ఆ వార్త అయిందా, ఇక ఆ మూల ఏరు, అనేదానివి. ఆ పేపరు వాసనతో సహా ఉంది ఆ పొట్లంలో.

కళ్ళు మూసుకుని రెండు ముళ్ళది కొనెయ్యి.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. ఇన్నేళ్ళు పొయ్యి దగ్గర చాకిరీ చేశావు. ఆ పొట్లాల గొడవ వాళ్ళకే వదిలేసి నువ్వూ అన్నయ్యా వచ్చి మా దగ్గర ఉండండి. ఇల్లు చిన్నదే గానీ ఎండ బాగా వస్తుంది. నీకూ విశ్రాంతిగా ఉంటుంది.

నా కాళ్ళు వాయలేదు. మా ఆయన బాగున్నాడు.

నీ
పిచిక


మార్చి 1

పిచికా,

కొన్నాను. మూడు నెలల సరుకు, రెండు ముళ్ళ కొట్లో. ధర వింటే నువ్వు గంతేస్తావు, మూడింటిలోనూ అదే చవక. కొట్టతను బస్తా దించుతూ నా ముఖంకేసి ఒకటికి రెండుసార్లు చూశాడు. ఇదేనా అమ్మా కావలసింది అన్నాడు. ఇదేనన్నాను, కావాలనే కాస్త దర్జాగా. ధర విని నాకు చిన్న అనుమానం వచ్చిన మాట నిజమే. కానీ నీ ఉత్తరం చేతిసంచిలోనే ఉంది, ఇక అనుమానమెందుకు అనుకున్నాను.

వారం నుంచి ఆ దినుసులతోనే వండుతున్నాను. కూరలు మిగిలిపోతున్నాయి.

ఎవరూ ఏమీ అనడం లేదు, నాకు బాధ అదే. బాగాలేకపోతే తిట్టే జనం వీళ్ళు, కిందటేడు ఉప్పెక్కువైతే పేరు పెట్టి పిలిచి తిట్టారు. ఇప్పుడు నెమ్మదిగా తింటున్నారు, సగం వదిలేస్తున్నారు, నీళ్ళు తాగి వెళ్ళిపోతున్నారు. కూరగాయలు తరిగే ఆవిడను, ఎలా ఉంది అని మాటవరసకు అడిగాను. బాగానే ఉందమ్మా, వేడిగా ఉంది, అంది. కూర గురించి వేడిగా ఉందని చెప్పారంటే ఇక చెప్పడానికి ఏమీ లేదన్నమాట. నేను రుచి చూస్తే ఉప్పూ కారమూ పులుపూ తెలుస్తాయి, ఆ తర్వాత గోడే.

సరుకు మంచిదైతే తప్పు నా చేతిదే కదా. ముక్కు ఒక్కటే పోయిందనుకున్నాను. చెయ్యి కూడా పోయినట్టుంది. పాళ్ళు మరిచిపోయానో, వేయించడం చెడగొడుతున్నానో తెలియడం లేదు.

నువ్వు ముందే కనిపెట్టావు కాబోలు. విశ్రాంతి తీసుకోమని రాశావు. ఆ మాట రెండు రోజులు గొంతులో ముల్లులా ఉంది. నేను నీ ముక్కును అడిగాను గానీ నీ ఇంట్లో మూల అడగలేదు. కూర్చోబెట్టి తిండి పెట్టాల్సిన స్థితికి వచ్చానని నీకు అనిపిస్తే సూటిగా రాయి, ఎండ బాగా వస్తుందని చుట్టూ తిప్పి రాయక్కర్లేదు.

మిగిలిన కూర ఇంటికి తెస్తే మీ అన్నయ్య మాత్రం రోజూ లొట్టలేసుకుని తింటున్నాడు. ఆయన మెచ్చుకున్నకొద్దీ నాకు దిగులు పెరుగుతోంది.

వదిన


మార్చి 8

వదినా,

తప్పు నీ చేతిది కాదు. నా ముక్కుది. ఇంకా వెనక్కి పోతే ఎవరిదో నాకు తెలియడం లేదు. అది కూడా రాస్తాను, తిట్టినా సరే.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, పొట్లంలో మిగిలిన రెండు ముళ్ళ లవంగాలు పట్టుకుని ఇక్కడి దినుసుల కొట్టుకు వెళ్ళాను. ఇలాంటివే కావాలి, ఇంతకన్నా తక్కువరకం వద్దు అన్నాను. కొట్టు ముసలాయన వాటిని వేలితో కదిపి చూసి, ఇంతకన్నా తక్కువరకం ఉండదమ్మా అన్నాడు. ఇది బస్తా అడుగు సరుకట. బస్తాలు ఖాళీ అయ్యాక చీపురుతో ఊడ్చి పోగుచేసేదట. తాను అమ్మడట, అగరువత్తులవాళ్ళు వచ్చి ఉత్తపుణ్యానికి పట్టుకుపోతారట.

నేను ఊరుకుంటానా? మా వదిన ముక్కు ముందు మీ కొట్టంతా దిగదుడుపేనని వీధి వినేలా పోట్లాడాను. ఆయన లోపలికి వెళ్ళి కొత్త పంట లవంగాలు నాలుగు తెచ్చి, ఒకదాని మీద గోరు నొక్కమన్నాడు. గోటికి నూనె అంటింది. వాసన చూశాను. ఒక ముడి పొట్లం వాసన వదినా. నేను భయపడి, ఏదో పట్టించారని రాశానే, అదే. లవంగం వాసన అదేనట.

మా దుకాణానికి వచ్చేవాళ్ళు కొందరుంటారు. సరైన అద్దం పెట్టగానే తల తిరుగుతోందంటారు, పాత తప్పు అద్దమే హాయిగా ఉందంటారు. ఏళ్ళ తరబడి అలవాటైపోయి కన్ను దాన్నే మంచిదనుకుంటుంది. రోజూ వాళ్ళకు ఈ ముక్క చెప్పి ఒప్పించేది నేనే. నా ముక్కుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నువ్వూ చెప్పలేదు. బజారుకెల్లా మంచివి తెచ్చాం అనేదానివి. బళ్ళో కూడా నేను అలాగే చెప్పుకునేదాన్ని, మా ఇంట్లో వాడేవి బజారుకెల్లా మంచివని. ఆ పొట్లం విప్పి నేను ఏడ్చాను వదినా, ఎంత గొప్ప వాసన అని. అది చీపురు కింద చెత్త. ఎందుకు అబద్ధం చెప్పావు? నిజం తెలిసి ఉంటే ఈరోజు నీ పొయ్యిలో నేనే నీళ్ళు పోసి ఉండేదాన్ని కాదు.

రేపే ఇక్కడి కొత్త సరుకు పార్సెల్ చేస్తాను. నా జీతం నా ఇష్టం.

విశ్రాంతి అని రాసింది నీ మీద బెంగతో. అంతకుమించి ఏమీ లేదు. నువ్వు మూల కూర్చునే మనిషివైతే నాకు ఇంత భయం ఉండేది కాదు.

పిచిక


మార్చి 13

పిచికా,

పార్సెల్ పంపావో, విప్పకుండా వెనక్కి పంపిస్తాను. క్యాంటీన్ ఇచ్చిన డబ్బులోనే అని మాట అనుకున్నాం. నీ జీతంతో గెలిచి, ఆ తర్వాత మూడు నెలలకోసారి నీ జీతంతోనే వండనా?

ఇక ఆ అబద్ధం సంగతి. నేను పెళ్ళై ఆ ఇంటికొచ్చేసరికి నీకు పాలపళ్ళు ఊడుతున్నాయి. మీ అన్నయ్య గడియారాలు బాగుచేసే బల్ల మీద వచ్చేది ఇంటద్దెకే సరిపోయేది. కొట్లు మూసే వేళకు నిన్ను వెంటబెట్టుకుని వెళ్ళేదాన్ని, ఎందుకనుకున్నావు? చల్లగా ఉంటుందనా? ఖాళీ బస్తాలు తిరగేసేది అప్పుడు. నాలాంటివాళ్ళు అక్కడ చాలామందే ఉండేవాళ్ళు. వాళ్ళు తోసుకుంటూ దోసిళ్ళతో ఎత్తుకునేవాళ్ళు. నేను ఒక్కొక్క బస్తా అడుగూ వాసన చూసి, ఇంకా ప్రాణం ఉన్నది ఎంచుకునేదాన్ని. నువ్వు ముక్కు ఎగరేస్తూ నడిచావే, అది నేను ఒక బస్తా అడుగును కాదని ఇంకొక బస్తా అడుగుకు వెళ్ళడం చూసి. మంచివి తెచ్చామని చెప్పాను, మంచివే తెచ్చాను. ఆ వేళప్పుడు ఆ వీధిలో దొరికేవాటిలో నాకన్నా మంచివి ఎవరూ తేలేదు. పిల్లదానికి ఇది ఊడ్చిన సరుకని చెబితే కూరకు రుచి పెరుగుతుందా? మళ్ళీ ఆ రోజులొస్తే మళ్ళీ అదే చెబుతాను. అబద్ధమని ఇంకొకసారి రాయకు.

నీ మీద కోపం రెండు రోజులు ఉంది, నిజం చెబుతున్నాను. ఒక ముడి కొట్టుది మన డబ్బుకు సరిగ్గా సరిపోయేది. మిగిలిన డబ్బు అప్పుడే ఆఫీసులో తిరిగి కట్టేశాను. ఇప్పుడు కొట్టతను సరుకు వెనక్కి తీసుకోడు, అడిగి వచ్చాను. పాపం, అందుకేనమ్మా రెండుసార్లు అడిగాను అన్నాడు. అయితే చెయ్యి పోలేదని తెలిసి కోపంలోనే కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను.

సరే, ఆ సరుకుతోనే నిన్ను పెంచాను, దాంతోనే వీళ్ళకూ పెడతాను. పని మాత్రం రెట్టింపు. ఏరాలి, ఎండబెట్టాలి, దేనికది విడిగా సన్నని సెగ మీద వేయించాలి, చల్లారాక అప్పటికప్పుడు దంచి, దించే ముందు వెయ్యాలి. పాత గింజలో మిగిలిన కాస్త వాసన వేయించడంలోనే బయటికొస్తుంది. ఒక్క క్షణం ముందు దించితే మట్టి, ఒక్క క్షణం ఆలస్యమైతే బూడిద. ఆ క్షణం నాకు ముక్కే చెప్పేది. మిగతావి చూసుకుంటాను, దానికే నా దగ్గర దారి లేదు. నిన్న ఇంట్లో మూడు విడతలు వేయించి మూడూ మాడ్చాను. మీ అన్నయ్య వాకిట్లో కూర్చుని, ఏదో కమ్మగా వస్తోంది అన్నాడు.

గిన్నెల రోజు ఇరవై ఎనిమిది.

వదిన


మార్చి 18

వదినా,

ఇంకొకసారి రాయను, ఆ మాట.

నీ ఉత్తరం చదివి మా ఆయనతో ఒక్క మాట అన్నాను, బస్తాలు తిరగేసే వేళకు వెళ్ళేవాళ్ళమట అని. ఆయన, నీకు అప్పుడు తెలియలేదా అన్నాడు. తెలియలేదు. చీకటి పడుతున్న బజారు, వరసగా దీపాలు, నీ చెయ్యి, ఇంటికి నడిచి వచ్చేటప్పుడు నువ్వు చెప్పే కబుర్లు. లేమి అని ఒక్కరోజు కూడా అనిపించలేదు. అలా అనిపించకుండా చూడటం నీకు ఎంత పనో ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వు వేయించేటప్పుడు పొయ్యి పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చునేది నేనే కదా. వాసన సంగతి నన్ను అడగకు, అది నాకు రాదని తేలిపోయింది. కానీ కళ్ళూ చెవులూ ఊరుకోలేదు. గుర్తొచ్చినవి రాస్తున్నాను.

ధనియాలు వేయిస్తూ నువ్వు అన్నయ్యను తిట్టేదానివి. తిట్టు సగంలో ఆపావంటే పెనం దించబోతున్నావని నాకు తెలుసు. ఆ ఆగే ముందు ఏం జరిగేదా అని నిన్న ఆ ముసలాయన కొట్లో బస్తా అడుగు ధనియాలు అడిగి తెచ్చుకుని నేనూ వేయించాను. నా ముఖం చూసి ఆయన డబ్బు తీసుకోలేదు. మొదట గరిటె కింద గింజ బరువుగా దొర్లుతుంది, చప్పుడు మెత్తగా ఉంటుంది. తర్వాత పొడిగా గలగలమంటుంది. ఆ గలగల మొదలయ్యాక నువ్వు ఒక గింజ తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కేదానివి. టప్పున విరిగితే దించేదానివి, సాగితే మళ్ళీ తిట్టు అందుకునేదానివి. మిరియాల్లో ఒకటి రెండు ఎగరగానే, మిగతావి ఎగరకముందే దించేదానివి. లవంగం కడుపు కాస్త ఉబ్బేది. అది మెరిసేదాకా ఆగేదానివి కాదు. ఆ పాతవాటికి మెరవడానికి నూనె లేదుగా.

పెనం దించాక అందులోనే ఉంచేదానివి కాదు, వెంటనే పళ్ళెంలో పోసేదానివి. ఇది నువ్వు మరిచిపోయి ఉంటావు, అందుకే మాడుతున్నాయేమో చూడు. ముక్కు ఉన్నప్పుడు చేతులు ఎందుకు చేస్తున్నాయో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నాకు అర్థమైంది ఇంతే. అయినా చాలదేమోనని భయంగా ఉంది. అక్కడ ఎవరికైనా ఒక్కరికి చెప్పు వదినా. పోనీ ఆ కూరగాయల ఆవిడకైనా.

ఇరవై ఎనిమిదిన సెలవు పెట్టాను. ఊరికే ఇంట్లో కూర్చుంటాను.

నీ
పిచిక


ఏప్రిల్ 2

పిచికా,

నీకు కథల పుస్తకంలో చివరి పేజీ ముందు చదివే రోగం ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా పొయ్యి నాకే ఉంది. ఇక నింపాదిగా మొదటినుంచి చదువు.

వారమంతా ఏరి, మేడ మీద ఎండబెట్టి, మీ అన్నయ్యను కాపలా పెట్టాను. ఆయన కాపలా కాస్తూ నిద్రపోయాడు, పిట్టలకు ఆ సరుకు నచ్చలేదు కాబట్టి బతికిపోయాం. నువ్వు రాసినట్టే వేయించి చూశాను. మిరియాలు, లవంగాలు కుదిరాయి. దించాక పెనంలోనే ఉంచేస్తున్న మాట నిజమే, రాసి మంచిపని చేశావు.

ఆ రోజు పొద్దున పెద్ద పెనంలో ధనియాలు పోశాను. ఇంట్లో పిడికెడు వేయించడం వేరు, మూడొందల మందికి వేయించడం వేరు. అవతల రెండో పొయ్యి మీద పొట్లాల కూర ఉడుకుతోంది, మూత ఎగురుతోంది, గిన్నెలు కడుగుతున్నారు. ఆ గోలలో గలగల ఎక్కడ వినపడుతుంది? గింజ నొక్కితే ఒకటి విరిగింది, ఇంకొకటి సాగింది. ఎవరిని నమ్మాలి? ఇంకొక్క క్షణం పోతే అంతా పోతుంది. కూరగాయలు తరిగే ఆవిడను కేకేసి పిలిచాను. ఇది వాసన చూసి, దించాలో వద్దో చెప్పు అన్నాను.

"నన్నడుగుతావేంటమ్మా, నీకు తెలియదా?" అంది.

"తెలియదు. నాకు వాసన పోయి మూడు నెలలైంది."

బియ్యం కడిగేవాళ్ళు కడగడం ఆపేశారు. మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు, పొట్లాల కూర ఉడికిందో లేదో చూసుకోవడానికి వచ్చాడు. నేను గరిటె తిప్పడం ఆపలేదు. ఆవిడ మాత్రం నాకేసి చూడనైనా లేదు. తల పెనం మీదికి వంచి, ఉండు, ఉండు, ఇంకా పచ్చిగా ఉంది, ఉండు, అంటూ చెయ్యి గాల్లో పెట్టింది. ఆ చెయ్యి కిందకు దించగానే నేను పెనం దించాను.

గంట కొట్టగానే అందరూ పొట్లాల గిన్నె దగ్గరకే వెళ్ళారు. ఆ వాసన గేటు దాకా పోయిందట, నా దానికి అంత శక్తి ఎక్కడిది? నేను నా గిన్నె వెనకాల గరిటె పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి కాజాలు కుట్టే ఒక పెద్దావిడ పళ్ళెం పట్టుకుని వచ్చి, అది ఘాటుగా ఉంది గానీ నాలుగు ముద్దల తర్వాత లోపలికి దిగడం లేదు, నీది కాస్త వెయ్యి అంది. ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆవిడ వెనకాల ఇంకొందరు వచ్చారు. రెండోసారి వడ్డించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నా దగ్గరకే వచ్చారు. అందరూ కాదు. కుర్రవాళ్ళకు పొట్లాలదే నచ్చింది, ఆ మాట కూడా నీకు చెప్పాలి.

మేనేజరు అందరూ వెళ్ళాక రెండు గిన్నెల అడుగులూ చూశాడు. ఈ ఏడాదికి నీ పద్ధతే కానిద్దాం అన్నాడు. కొనడానికి మాత్రం ముక్కున్న మనిషిని వెంట తీసుకెళ్ళాలన్నాడు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఉద్యోగం పోతుందని భయపడ్డానన్నాను. ఆయన నన్ను తీసెయ్యలేదు. మీ అన్నయ్యకు ఆ సాయంత్రమే చెప్పేశాను. అనుకున్నట్టే వీధంతా వచ్చింది.

నిన్న కూరగాయల ఆవిడను వెంటబెట్టుకుని దినుసుల వీధికి వెళ్ళాను. నిన్ను తీసుకెళ్ళిన వేళకు కాదు, పొద్దున్నే, నిండు బస్తాలు విప్పే వేళకు. కొనేది తర్వాత, ముందు మంచిదేదో నీకు తెలియాలి అని చెప్పి, వీధిలోకెల్లా ఖరీదైన లవంగాలు నాలుగు ఆవిడ చేతిలో పోయించాను. కొత్త పంట, తలలు చెదరనివి. గోరు నొక్కమన్నాను. ఎలా ఉందో నాకు చెప్పమన్నాను. ఆవిడ మాటలు వెతుక్కుని చెప్పింది. చల్లగా ఉందమ్మా, కానీ కాలుతోంది. ముందు కళ్ళ మధ్యకు పోతుంది, తర్వాత గొంతులోకి దిగుతుంది, అంది.

ఆ మాటలు పట్టుకుని నేను కళ్ళు మూసుకున్నాను. ఆ వాసన తలుచుకుందామని చూశాను. మంచి లవంగం వాసన ఎరగనిదాన్నా? క్యాంటీన్లో చేరాక ఎన్నేళ్ళు, ఎన్ని బస్తాలు. ఒక్కటైనా వస్తుందని నిలబడ్డాను.

రాలేదు పిచికా. వచ్చింది మన వంటిల్లు. నువ్వు రాశావే, మెత్తగా, కాస్త దుమ్ముగా, వెచ్చగా, అడుగున తీపి. అది వచ్చింది, నిజంగా ముక్కుకు తగిలినట్టే వచ్చింది. ఇన్ని మంచివాటిని వదిలేసి నా తల కూడా ఆ రెండు ముళ్ళదాన్నే దాచుకుంది. నిన్ను రెండు రోజులు ఎందుకు కోప్పడ్డానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయేంటమ్మా, ఈ లవంగాల ఘాటుకేనా, నీకు వాసన వచ్చేస్తోందా, అని అడిగింది.

అవునన్నాను.

నీ
వదిన